హారర్ ట్రైలర్ ప్రాజెక్టు: ఇల్లా, హాస్టలా, పొలిమేరా, ఫోన్ వీడియోనా?

కాలేజీ ప్రాజెక్టుకి హారర్ ట్రైలర్ అనుకున్న బ్యాచ్‌లలో మొదటి వారం చాలావరకు కథ మీద వాదనలతోనే అయిపోతుంది. దెయ్యం ఎవరు, ఎలా చచ్చిపోయింది, ఎవరి మీద పగ, చివర్లో ఎవరు బతుకుతారు... ట్రైలర్‌కి ఇందులో సగం అక్కర్లేదు. సినిమా లేదు, ట్రైలర్ మాత్రమే ఉంది. ముగింపు చూపించే బాధ్యత మీకు లేదు. 90 సెకన్ల ట్రైలర్‌లో ఒక్కో షాట్ సగటున రెండు మూడు సెకన్లు ఉందనుకుంటే, మీకు కావాల్సింది 30 నుంచి 45 షాట్లు. అంతే.

ముందు తేల్చుకోవాల్సింది చోటు. నాలుగైదు గంటలపాటు ఎవరూ వచ్చి కదిలించని చోటు మీ చేతిలో ఏది ఉందో చూసుకుని, ఆ చోటుకి తగ్గ భయాన్ని ఎంచుకోండి. కథ రాసుకుని దానికి సరిపోయే పాడుబడ్డ బంగళా కోసం ఊరంతా తిరిగితే సెమిస్టర్ అక్కడే గడిచిపోతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది, అదే చోటుకి మళ్లీ వెళ్లగలరా లేదా అన్నది. ఎడిటింగ్‌కి కూర్చున్నాక ఎంత జాగ్రత్తపరులకైనా రెండు మూడు షాట్లు తక్కువ పడతాయి. తలుపు గడియ క్లోజప్ ఉండదు, అమ్మాయి వెనక్కి తిరిగి చూసే షాట్ ఫోకస్‌లో ఉండదు. ఆ చోటు మీ పిన్నిగారి ఇల్లయితే మరుసటి ఆదివారం వెళ్లి తీసుకొస్తారు. వంద కిలోమీటర్ల అవతల కొండ మీద గుడైతే ఆ షాట్ లేకుండానే సర్దుకోవాలి.

రెండోది శబ్దం. హారర్‌లో చూసేవాళ్లను పట్టి కూర్చోబెట్టేది చెవి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా భయం నిలబడుతుంది, వెనక నుంచి లారీ హారన్ వినపడితే నిలబడదు. మూడోది వెలుతురు: చీకటి కావాలంటే చీకటి మీ అదుపులో ఉండాలి. వీధి దీపాన్ని మీరు ఆర్పలేరు, హాల్లో ట్యూబ్‌లైటు ఆర్పగలరు. నాలుగోది నటన. మీ స్నేహితుల్లో ఎవరు కెమెరా ముందు మామూలుగా మాట్లాడగలరో మీకే తెలుసు. ఎవరూ లేకపోతే మాటలు లేని ట్రైలర్ తీయండి, దానివల్ల పోయేదేమీ లేదు.

ఇక అనుమతులు, భద్రత. ఇవి చివరికి వదిలేసే విషయాలు కావు. పొలిమేర గురించి చెప్పేటప్పుడు వివరంగా చెప్తాను.

## ఒకే ఇల్లు

ఇది నా మొదటి సలహా. 'లైట్స్ అవుట్' అనే మూడు నిమిషాల లోపు చిన్న సినిమాను 2013లో ఒక స్వీడిష్ దర్శకుడు తన ఇంట్లోనే, తన భార్యతో తీశాడు. అందులో ఉన్నదల్లా ఒక ఆడమనిషి, ఒక లైటు స్విచ్చి, వరండాలో ఒక నీడ. 2016లో అదే హాలీవుడ్ సినిమా అయింది. తెలుగులో 2012లో వచ్చిన 'అవును' కూడా చాలామటుకు ఒక్క ఇంట్లోనే నడుస్తుంది.

ఇంటికున్న అసలు బలం ఏమిటంటే, పగలే రాత్రి చేసుకోవచ్చు. కిటికీలకి బయటి నుంచి దుప్పట్లు, నల్ల చార్టులు కట్టేస్తే మధ్యాహ్నం రెండింటికి కూడా అర్ధరాత్రే. హాస్టల్ గేటు ఎనిమిదింటికే మూసేసే అమ్మాయిల బ్యాచ్‌లకి ఇది పెద్ద వరం. రాత్రి ప్రయాణాలు ఉండవు, ఇంట్లో వాళ్లకి నచ్చజెప్పే పనీ ఉండదు.

రెండో బలం, మనందరికీ తెలిసిన ఇంటి వస్తువులు. ఒక ఉదాహరణ. ఇన్వర్టర్ లేని ఇల్లు. కరెంటు పోయింది. మొదటి షాట్: సీలింగ్ ఫ్యాను రెక్కలు మెల్లమెల్లగా ఆగుతున్నాయి, ఆ గరగర సన్నబడుతోంది. రెండో షాట్: మంచం మీద కుర్రాడు చెమట తుడుచుకుంటూ ఫోన్ టార్చి వేశాడు. ఫ్యాను పూర్తిగా ఆగింది. అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. మూడో షాట్: కుర్రాడి ముఖం. వాడికి అర్థం కావడానికి ఒక క్షణం పడుతుంది, చూసేవాళ్లకీ అంతే. దీనికి మేకప్ లేదు, దెయ్యం లేదు, ఖర్చూ లేదు. కరెంటు కోతలు చూసి పెరిగిన మనవాళ్లెవరికీ విడమర్చి చెప్పాల్సిన పనీ లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో తెల్ల గోడలు, పైన ఎల్ఈడీ ప్యానెళ్లు. వెలుతురు గోడల మీద పడి గదంతా పరుచుకుంటుంది, నీడ నిలవదు. పై లైట్లన్నీ ఆర్పేసి ఒకే ఒక్క దీపంతో పని చేయండి: పడకగదిలో జీరో బల్బు, లేదా పక్క గదిలోంచి తలుపు సందులో పడే వెలుగు, లేదా థర్మాకోల్ షీటు మీదికి టార్చి కొడితే తిరిగొచ్చే వెలుగు. నటుల్ని గోడకి ఆనించి నిలబెట్టొద్దు. గోడకీ మనిషికీ మధ్య నాలుగైదు అడుగులు వదిలితేనే వెనకాల చీకటి ఏర్పడుతుంది.

ఫ్రిజ్ ఆపేసి రికార్డు చేయండి, దాని గుయ్‌మనే శబ్దం తర్వాత ఎంత చేసినా పోదు. ఆపేటప్పుడు మీ బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంటికి బయల్దేరేటప్పుడు తాళాల కోసం తెరుస్తారు, స్విచ్చి వేయడం గుర్తొస్తుంది. సౌండ్ రికార్డిస్టులు పాటించే పద్ధతి ఇది.

## దొరికిన వీడియో

ఎవరో తీసి వదిలేసిన ఫుటేజీ మనకి దొరికినట్టు చూపించే రకం, దీన్నే ఫౌండ్ ఫుటేజీ అంటారు. ఫోన్‌తో తీసేస్తే చాలు, లైటింగ్ అక్కర్లేదు, చేయి వణికినా తప్పు లేదు అనుకుని చాలామంది దీనివైపు వెళ్తారు. లెక్కలూ ఊరించేలాగే ఉంటాయి. 'పారానార్మల్ యాక్టివిటీ'ని దర్శకుడు తన సొంత ఇంట్లోనే సుమారు 15,000 డాలర్లతో తీశాడు. 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'లో కెమెరాలు పట్టుకుని అడవిలో తిరిగింది నటులే.

కానీ తక్కువ ఖర్చంటే తక్కువ పని అని కాదు. ఆ రెండు సినిమాల్లోనూ భారమంతా నటన మోసింది. మామూలు షాట్లలో నటన తేలిపోతే ఎడిటింగ్‌లో కోసి కాపాడుకోవచ్చు. ఇక్కడ 40 సెకన్లు కట్ లేకుండా నడవాలి, ఆ 40 సెకన్లూ కుర్రాళ్లు నిజంగా మాట్లాడుకుంటున్నట్టే ఉండాలి. రాసిచ్చిన డైలాగు బట్టీపట్టి చెప్తే మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. సంగతి మాత్రమే చెప్పి, మాటలు వాళ్లకే వదిలేయండి.

ఇంకో చిక్కు ట్రైలర్‌కే ప్రత్యేకం. ఈ రకం భయం నిదానంలోంచి పుడుతుంది, ట్రైలర్ వేగం కోరుతుంది. అందుకే ఫౌండ్ ఫుటేజీ ఎంచుకుంటే 90 సెకన్ల ట్రైలర్ కంటే ఒకే పొడవాటి షాట్‌తో 45 సెకన్ల టీజర్ చేయడం మేలు.

కెమెరా ఇంకా ఎందుకు ఆన్‌లో ఉంది? ఈ ప్రశ్నకి జవాబు ముందే ఉండాలి. ప్రాణభయంతో పరిగెత్తేవాడు ఫోన్ ఎత్తి పట్టుకోడు. సీసీటీవీ, కారు డాష్‌క్యామ్, వీడియో కాల్ లాంటివైతే ఆ ప్రశ్నే రాదు. నాకు చాలా ఇష్టమైన దారి ఒకటుంది: ప్రీ వెడ్డింగ్ షూట్. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడు రాత్రి ఫుటేజీ చూసుకుంటుంటాడు. పార్కులో జంట, చెరువు గట్టున జంట, మెట్ల మీద జంట. వేర్వేరు రోజులు, వేర్వేరు చోట్లు. ప్రతి షాట్లోనూ వెనకాల దూరంగా అదే మనిషి నిలబడి ఉంటాడు. చివరి షాట్లో ఉండడు. ఇదంతా పట్టపగలు తీసేయొచ్చు, చీకటితో పనే లేదు.

సీసీటీవీ షాట్ కావాలంటే ఫోన్‌ని బీరువా మీద, గది మూల నుంచి కిందికి చూసేలా పెట్టండి. రంగు తీసేసి, మూలన టైము వేయండి. టైము 02:14 నుంచి ఒక్కసారిగా 03:40కి దూకితే చాలు, మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్లే ఊహించుకుంటారు.

## ఊరి పొలిమేర

చింతచెట్టు, పాడుబడ్డ బావి, మూతపడ్డ రైస్ మిల్లు. చూడ్డానికి నాలుగింటిలో ఇదే గొప్పగా ఉంటుంది. మన నేల మీద పుట్టిన భయం కూడా ఇదే. సొంత ఊరు, పలుకుబడి ఉన్న మావయ్యో పెదనాన్నో అక్కడ ఉంటే తప్ప నేను మాత్రం వద్దంటాను.

మొదటి కారణం ప్రాణభయం. చేతబడి, బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగు నేల మీద జరిగాయి. అర్ధరాత్రి ఊరి చివర నిమ్మకాయలు, కుంకుమ, ముగ్గు, మధ్యలో జుట్టు విరబోసుకున్న అమ్మాయి. దూరం నుంచి చూసే రైతుకి అది షూటింగ్ అని ఎలా తెలుస్తుంది? తీయాలనుకుంటే సర్పంచికి ముందు రోజే చెప్పండి, పోలీస్ స్టేషన్‌లో కాలేజీ లెటర్ ఇచ్చి రండి, ఊరివాళ్లని ఒకరిద్దరిని మీతో ఉంచుకోండి. శ్మశానంలో ఎవరి సమాధినీ ముట్టుకోవద్దు. పురావస్తు శాఖ పరిధిలోని కోటలు, గుళ్లలో షూటింగ్‌కి అనుమతి కావాలి, ట్రైపాడ్‌తో దొంగచాటుగా వెళ్లొద్దు. బావుల దగ్గర గట్టు లేని చోట నటుల్ని నిలబెట్టొద్దు, పాముల సంగతి సరేసరి.

రెండో కారణం వెలుతురు. ఫోన్ కెమెరాకి పొలంలో రాత్రి అంటే చీమలు పాకే నల్ల తెర. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగు) పెంచినకొద్దీ బొమ్మంతా చుక్కలు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, సూర్యుడు దిగాక ఉండే 20 నిమిషాలు: ఆకాశం ముదురు నీలంగా, చెట్లు నల్లగా కనిపిస్తాయి. సాయంత్రానికి మూడు నాలుగు షాట్లే దొరుకుతాయి, కానీ దొరికినవి బాగుంటాయి. రెండోది, పగలే తీసి రాత్రిగా మార్చడం: ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు (అంటే వెలుతురు నాలుగో వంతుకి) తగ్గించి, బొమ్మ నీలంగా మారేలా వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్‌కి పెట్టి, ఎండ నటుల వెనక నుంచి పడేలా నిలబెట్టి, ఫ్రేములోకి ఆకాశం రాకుండా తీయాలి. ఆకాశం కనపడిందా, ఎవరూ నమ్మరు.

## కాలేజీ, హాస్టల్

పొడవాటి కారిడార్, వరసగా ట్యూబ్‌లైట్లు, చివర్లో లిఫ్టు. ఫ్రేములు వాటంతటవే కుదురుతాయి, ఖర్చు లేదు, నటులంతా అక్కడే ఉంటారు. హెచ్‌ఓడీ సంతకంతో లెటర్ తీసుకుని ఆదివారం తీయండి. ఖాళీ కారిడార్లో మాట ప్రతిధ్వనిస్తుంది కాబట్టి డైలాగులు పెట్టుకోవద్దు, అడుగుల చప్పుడుకి మాత్రం అదే ప్రతిధ్వని కలిసొస్తుంది. నిజంగా ఆ హాస్టల్లో చనిపోయిన విద్యార్థి కథ మాత్రం వాడుకోవద్దు. వాళ్ల స్నేహితులు మీ ట్రైలర్ వేసే సెమినార్ హాల్లోనే కూర్చుని ఉండొచ్చు.

## ఒక్క చూపులో

| | ఇల్లు | దొరికిన వీడియో | పొలిమేర | కాలేజీ |
|---|---|---|---|---|
| మళ్లీ వెళ్లడం | సులువు | చోటును బట్టి | కష్టం | సులువు, కానీ ప్రతిసారీ అనుమతి |
| శబ్దం మీద అదుపు | బాగా ఉంటుంది | తక్కువ, కానీ చెల్లుతుంది | మోటార్లు, కుక్కలు, కీచురాళ్లు | ప్రతిధ్వని |
| చీకటి | పగలే చేసుకోవచ్చు | పగలైనా నడుస్తుంది | చాలా కష్టం | లైట్లు ఆర్పనిస్తేనే |
| నటన భారం | తక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం | తక్కువ |
| ఖర్చు ఎక్కడ | లైటు, తిండి | మైకు | ప్రయాణం, తిండి | దాదాపు లేదు |
| ప్రమాదం | తక్కువ | తక్కువ | ఎక్కువ | తక్కువ |

## మీరెవరైతే ఏది

ముగ్గురే ఉన్నారు, ఒక్క వీకెండే ఉంది అంటే ఇల్లు. ఒకరు నటిస్తారు, ఒకరు కెమెరా, ఒకరు లైటు, సౌండు.

నాటకాల అనుభవం ఉన్నవాళ్లు, లేదా యూట్యూబ్‌లో వ్లాగులు చేస్తూ కెమెరా ముందు బెరుకు పోయినవాళ్లు ఇద్దరు దొరికితే దొరికిన వీడియో చేయండి. ఎడిటింగ్‌లో గట్టివాడు ఉండి నటులు లేకపోతే సరిగ్గా దానికి వ్యతిరేకం: ఇల్లో కాలేజీయో ఎంచుకుని, మాటల్లేకుండా చిన్న చిన్న షాట్లు ఎక్కువగా తీసుకోండి.

సినిమాటోగ్రఫీలోకి వెళ్లాలనుకుని షోరీల్ (తమ పని చూపించుకునే వీడియో) కోసం చేస్తున్నవాళ్లకి పొలిమేర ఆశ తప్పదు. వాళ్లకి నా సలహా: కథంతా ఇంట్లో పెట్టి, సూర్యాస్తమయం తర్వాత తీసిన రెండు మూడు పొలిమేర షాట్లు మొదట్లో వాడండి. ఊరు ఎక్కడుందో ఆ రెండు షాట్లే చెప్పేస్తాయి, మిగతాదంతా నాలుగు గోడల మధ్య నడిపించొచ్చు.

విదేశాల్లో చదువుకుంటూ తెలుగులో తీయాలనుకునేవాళ్లకి వీడియో కాల్ పద్ధతి బాగా కుదురుతుంది. అక్కడ గదిలో అబ్బాయి, ఇక్కడ ఇంట్లో బామ్మ. ఆవిడ వెనక గదిలో లైటు దానంతటదే వెలగడం అబ్బాయికే కనిపిస్తుంది. "బామ్మా, ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడుగుతాడు. ఆవిడ చెవికి సరిగ్గా వినపడదు. పది వేల కిలోమీటర్ల దూరమే అక్కడ భయం.

## ఫోనా, అద్దె కెమెరానా

ఫోను చాలు. అద్దె కెమెరాకి పెట్టే డబ్బు మైకుకి పెట్టండి. వెయ్యి రూపాయల లోపు దొరికే వైరు కాలర్ మైకు ఇంకో ఫోన్‌కి తగిలించి నటుడి జేబులో పెడితే, డైలాగు వరకు పెద్ద తేడా వస్తుంది. లెన్సు, ఫోకస్ నేర్చుకోవడమే మీ ప్రాజెక్టు లక్ష్యమైతే అప్పుడు కెమెరా అద్దెకి తీసుకోవడంలో అర్థం ఉంది.

ఫోన్‌లో మాన్యువల్ కంట్రోల్ ఇచ్చే యాప్ వేసుకోండి, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములు, 1/60తో తీస్తే ట్యూబ్‌లైటు కింద బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే, చీకట్లోకి తిరగ్గానే ఫోన్ తనంతట తానే గదిని వెలిగించేస్తుంది, మీరు పడ్డ కష్టమంతా పోతుంది.

రక్తం కావాలంటే చిక్కటి పంచదార పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి. కాఫీ పొడి లేకపోతే షర్బత్‌లా మెరుస్తుంది. దిష్టి తీసే పసుపు సున్నం ఎర్రనీళ్లు నేల మీద పారబోయడానికి పనికొస్తాయి, ముఖానికీ కళ్ల దగ్గరకీ తేవద్దు, సున్నం మండుతుంది.

## శబ్దానికి ఒక రోజు వదలండి

షూటింగ్ అయిపోయాక ఒక పూట శబ్దాల కోసమే కేటాయించండి. గడియ తీయడం, స్టీలు గ్లాసు గచ్చు మీద దొర్లడం, గాజుల చప్పుడు, ముసలాయన దగ్గు, అన్నీ మైకు దగ్గర పెట్టి విడివిడిగా రికార్డు చేయండి. ప్రతి గదిలోనూ ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం కూడా తీసుకోండి. షాట్ల మధ్య అతుకుల్ని అదే కప్పుతుంది.

ఏదైనా శబ్దాన్ని సగం వేగానికి తగ్గిస్తే ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. టేబుల్ ఫ్యాను దగ్గర తీసిన శబ్దాన్ని ఇలా రెండుసార్లు తగ్గించి చూడండి, ఏదో మృగం ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. హార్మోనియం మీద ఒక్క స్వరం పట్టి ఉంచి నెమ్మదిస్తే ఆర్ఆర్‌కి (నేపథ్య సంగీతానికి) అదే పునాది. పెద్ద సినిమాల ఆర్ఆర్ ఎత్తుకొచ్చి పెట్టకండి: యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, పైగా చూసేవాళ్లకి ఆ సినిమా గుర్తొస్తుంది. ఫ్రీసౌండ్ లాంటి సైట్లలో తీసుకుంటే ప్రతి ఫైలుకీ లైసెన్సు చూడండి. కొన్నింటికి పేరు వేయాలి, కొన్ని వ్యాపారానికి వాడకూడదు.

గట్టిగా అరిచే షాట్‌కి ముందు ఒకటిన్నర సెకను పూర్తి నిశ్శబ్దం పెట్టండి. సంగీతం, ఖాళీ శబ్దం రెండూ ఆపేయండి. చాలా ట్రైలర్లలో ఈ చోటే పాడవుతుంది, నిశ్శబ్దం పెట్టడానికి ఎడిటర్లు భయపడతారు.

## ఎడిటింగ్, చివరి పరీక్ష

ల్యాప్‌టాప్ గట్టిదైతే డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. పాతదైతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికైన కాపీలు) చేసుకోండి. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, విడిగా తీసిన సౌండు పోనుపోను పెదవులకి తప్పిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో వేసి స్థిరమైన 25 ఫ్రేములకి మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లోకి తీసుకోండి.

పూర్తయ్యాక ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. హెడ్‌ఫోన్లలో గుండెలదిరేలా ఉన్న లోతైన ఉరుము చిన్న స్పీకర్లో అసలు వినపడదు. దానికి తోడుగా పై స్థాయిలో ఒక గీరుడో గజ్జెల చప్పుడో కలిపితే రెండింటిలోనూ పని చేస్తుంది.

ప్రదర్శనకి రెండు రోజుల ముందు సెమినార్ హాల్ ప్రొజెక్టర్ మీద వేసి చూడండి. ప్రొజెక్టర్లో నలుపు బూడిద రంగులోకి వస్తుంది, మీ మానిటర్ మీద చీకట్లో కనిపించిన ముఖం అక్కడ గోడలో కలిసిపోతుంది. ముఖాల మీద వెలుతురు కాస్త పెంచి, హాల్ కోసం ఒక ఫైలు, యూట్యూబ్ కోసం ఒక ఫైలు విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో రెండూ ఉండాలి. ఆ రోజు కిటికీ తెరలు వేయించే పని ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోండి.